జమలయ్యగారికి తెలిసిన ప్రశ్న

జమలయ్యగారు తనకు తెలియని సంగతిని ఎవరినీ నేరుగా అడిగేవారు కాదు. ముందు తనకు బాగా తెలిసిన సంగతి ఒకటి అడిగేవారు. దానికి ఎదుటి మనిషి సరిగ్గా జవాబు చెబితేనే తెలియనిది అడిగేవారు. తప్పు చెబితే దండం పెట్టి వెళ్లిపోయేవారు.

ఒకసారి తెనాలి స్టేషన్లో నేను ఆయన పక్కనే ఉన్నాను. కిటికీ దగ్గర వంగి, "ఇది ఏ స్టేషనండి?" అన్నారు.

లోపలి గుమస్తా టీ గ్లాసు కింద పెట్టాడు. "తెనాలి."

"సంతోషమండి. ఇవాళ ఏం వారమండి?"

"గురువారం. ఇంతకీ మీకేం కావాలి?"

"రేపల్లె బండి ఎన్నింటికండి?"

"ఆ ముక్క ముందే అడగొచ్చుగా!"

"అడగొచ్చండి. మీరు సరిగ్గా చెబుతారని నాకెలా తెలుస్తుంది?"

గుమస్తా టైము చెప్పి కిటికీ తలుపు వేసేశాడు. బండి ఆ టైముకు రాలేదు. నలభై నిమిషాల తర్వాత, ఎండలో నడిచొచ్చిన మనిషిలా ఆయాసపడుతూ వచ్చింది. జమలయ్యగారు గుమస్తాను ఒక్కమాట అనలేదు. "మనిషి రీడింగు కరెక్టే పున్నారావ్. తేడా బండిలో ఉంది" అన్నారు.

పున్నారావంటే నేనే. డెబ్భై రెండులో రేపల్లె రైలుకట్ట పక్కన ఉన్న బియ్యం గిడ్డంగిలో గుమస్తాగా చేరాను. జమలయ్యగారు అంతకు నాలుగేళ్ల ముందు నుంచీ వారానికోసారి తెనాలి నుంచి అక్కడికి వస్తున్నారు. ఆయన ఉద్యోగం ఏమిటో చెబితే తప్ప ఆయన పిచ్చి అర్థం కాదు.

గిడ్డంగిలో బస్తాలకు పురుగు పడుతుంది. అప్పుడు బస్తాల గుట్ట మీద పెద్ద పట్టా కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పేర్చి, లోపలికి మిథైల్ బ్రోమైడ్ అనే గ్యాసు వదులుతారు. పురుగులు చస్తాయి. పురుగులకూ మనుషులకూ తేడా చూసే అలవాటు ఆ గ్యాసుకు లేదు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి కన్నా బరువు కాబట్టి నేల మీద నీడలా పాకుతుంది. పట్టా తీసి తలుపులు తెరిచాక అది పోయిందో లేదో కనిపెట్టడానికి ఒక దీపం ఉండేది.

స్పిరిట్ పోసి వెలిగిస్తే ఆ దీపం లేత నీలంగా మండుతుంది. మంట మీద ఒక రాగి చుట్టు. పక్క నుంచి ఒక పొడుగాటి గొట్టం కిందికి వేలాడుతూ, దాని కొస ఎక్కడ పెడితే అక్కడి గాలిని పీల్చి మంటకు అందిస్తుంది. ఆ గాలిలో గ్యాసు ఉంటే మంట పచ్చబడుతుంది. నాటు వేసిన నెలకు వరిచేను ఎంత పచ్చగా ఉంటుందో అంత పచ్చ. చూడటానికి అంత అందమైన ప్రమాదాన్ని నేను మళ్లీ చూడలేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె గిడ్డంగుల్లో ఉన్న ఇలాంటి దీపాలన్నిటికీ జమలయ్యగారు వైద్యుడు. రాగి చుట్టు మీద మసి గీకేవారు. వత్తి కత్తిరించేవారు. తర్వాత దీపాన్ని ఆరుబయటకు తీసుకెళ్లి, మంచి గాలిలో నీలంగా మండుతోందా అని చూసేవారు. దానికి ఆయన పెట్టిన పేరు 'సున్నా'. ఆ తర్వాత జేబులోంచి చిన్న సీసా తీసేవారు. అందులో బట్టల మీది నూనె మరకలు పోగొట్టే మందులో తడిపిన దూది ఉండేది. మూత తీసి గొట్టం కొస దాని దగ్గర పెడితే మంట పచ్చబడాలి. పచ్చబడితేనే దీపం లోపలికి వెళ్లేది.

"ఎందుకండీ ఇంత తతంగం?" అని చేరిన కొత్తలో అడిగాను.

"నా పేరేంటి పున్నారావ్?"

"జమలయ్యగారు."

"ఆఁ, ఇప్పుడు చెబుతాను. మంట నీలంగా ఉందనుకో, దానికి రెండర్థాలు. గ్యాసు లేదని ఒకటి. దీపం చచ్చిందని రెండోది. ఆ రెండోది కాదని తేలాకే మొదటిది నమ్మాలి."

బాగానే ఉంది. దీపం వరకూ ఆగి ఉంటే ఆయన గురించి రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన ఆగలేదు.

బాపట్లలో జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లారు. డాక్టరు థర్మామీటరు తీయగానే, "ముందు మీ నోట్లో పెట్టుకోండి సార్" అన్నారు.

"జ్వరం నీకా నాకా?"

"నాకేనండి. మీకు లేదని మనిద్దరికీ తెలుసు. అది ఆ సంగతి సరిగ్గా చెబుతుందో లేదో చూద్దామండి."

ఆ డాక్టరు పెద్దమనిషి. పెట్టుకుని చూశాడు. తొంభై తొమ్మిదిన్నర ఉంది. జమలయ్యగారు మాత్ర రాయించుకుని వస్తూ, "మీరూ ఒకటి వేసుకోండి సార్" అని చెప్పి వచ్చారు.

ఆయన పెళ్లిచూపులు వేటపాలెంలో జరిగాయి. అమ్మాయిని ఏమైనా అడగమన్నారు పెద్దలు. పాట వచ్చా, వంట వచ్చా అని అడుగుతాడని అందరూ చెవులు రిక్కించారు. జమలయ్యగారు గొంతు సవరించుకుని, "ఇది ఏ ఊరమ్మా?" అన్నారు.

పెళ్లికూతురు కనకదుర్గమ్మగారు తల ఎత్తి చూసింది. "వేటపాలెం. బండి దిగినప్పుడు బోర్డు చూడలేదా?"

"చూశాను" అన్నారు జమలయ్యగారు, ముహూర్తం పెట్టించమని తండ్రికి సైగ చేస్తూ.

అంత కచ్చితమైన మనిషికీ ఇంట్లో ఒక కొరత మిగిలిపోయింది. రోజూ పొద్దున సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, "దుర్గా, నా పేరేంటి?" అని అడిగేవారు. ఆ రోజుల్లో మా వైపు ఏ ఇల్లాలూ భర్త పేరు నోటితో చెప్పేది కాదు. పోస్టుమాన్ అడిగినా, రేషన్ కార్డువాళ్లు అడిగినా పక్కింటి పిల్లలను పిలిచి చెప్పించేవారు. కనకదుర్గమ్మగారు వంటింట్లోంచి, "పొద్దున్నే మీ పిచ్చి ప్రశ్నలేంటండీ, బండి పోతుంది బయల్దేరండి" అనేది. పన్నెండేళ్లుగా అదే ప్రశ్న, అదే జవాబు. జమలయ్యగారు తృప్తిగా తలూపి మెట్లు దిగేవారు. ఆ తృప్తి దేనికో నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

గిడ్డంగిలో మగవాళ్లందరినీ, "నా పేరేంటి?" అని అడిగేవారు. హమాలీలు వరసగా "జమలయ్యగారు, జమలయ్యగారు" అని బళ్లో హాజరు పలికినట్టు పలికేవారు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మారిపోయేది. చిందిన గింజలు ఊడ్చి చెరిగే ఆడకూలీలు పదకొండు మంది ఉండేవారు. వాళ్లను ఒక్కొక్కరినే ఆపి, "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగేవారు.

ఇక చూడాలి. ఒకామె కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకామె చేట ముఖానికి అడ్డం పెట్టుకునేది. వాళ్ల ముఠాకు పెద్ద శేషమ్మ మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, "బాబాయ్, నీకు పెళ్లాముందా? ఉంటే ఆవిడ్నడుగు. ఇంకోసారి నన్నడిగావంటే చీపురు తిరగేస్తా" అనేది.

"మంచిదమ్మా" అని ఆయన ఆనందంగా ముందుకు కదిలేవారు.

అందరిలోకీ సరదా పేరంటాలుది. ఆమెకు చెప్పాలనీ ఉండేది, చెప్పడానికి నోరూ వచ్చేది కాదు. "అది కాదు బాబాయ్, మా ఊరి చివర అమ్మవారు లేదూ, పోలేరమ్మ, ఆ తల్లి పేరు సగం తీసుకో..." అంటూ మొదలుపెట్టి, సగంలో సిగ్గు ముంచుకొచ్చి, గోడ వైపు తిరిగి పకపకా నవ్వేది. ఆ నవ్వుకు కప్పు మీది పావురాలు లేచిపోయేవి. ఆమె భర్త పేరు పోలయ్య అని గిడ్డంగిలో చీమకు కూడా తెలుసు. అయినా జమలయ్యగారు ప్రతి గురువారం మొదటిసారి అడుగుతున్నట్టే అడిగేవారు.

డెబ్భై ఆరులో మాకు కొత్త సూపరింటెండెంటు మల్లికార్జునరావుగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, బంగారు రంగు పెన్ను, పెన్ను కన్నా సన్నటి మీసం. చేరిన మొదటి గురువారం ఆయన గదిలోకి జమలయ్యగారు వెళ్లి నమస్కారం పెట్టి, "సార్, నా పేరేంటండి?" అన్నారు.

"నీ పేరు నాకేం తెలుసు?"

జమలయ్యగారి ముఖం వాడిపోయింది. "పై నుంచి మీకు రాసి పంపారు కదండి. నిన్ననే అందిందని పున్నారావు చెప్పాడు."

"అంటే నేను ఉత్తరాలు చదవననా?"

"చదివారో లేదో చూద్దామనండి."

ఆ రోజు నుంచి ఆయనకు జమలయ్యగారంటే ఒళ్లు మంట. నెల తిరగకుండా నన్ను పిలిచి ఉత్తరం రాయించారు. దీపం వెలిగించడానికి తెనాలి నుంచి మనిషి అక్కర్లేదనీ, కాపలావాడు సింగయ్య ఆ పని చేయగలడనీ, సదరు జమలయ్య ఆడకూలీలను భర్తల పేర్లడిగి ఇబ్బంది పెడుతున్నాడనీ. మూడూళ్ల పనీ ఒకే ఆర్డరు మీద నడిచేది. ఆ ఉత్తరం పైకి వెళితే మూడూ పోతాయి. జమలయ్యగారికి ఇంకో ఆధారం లేదు.

"వచ్చే గురువారం వచ్చి దీపం సింగయ్యకు అప్పగించి సంతకం పెట్టమను. అదయ్యాకే ఉత్తరం పంపు" అన్నారు.

నేను కార్డు రాశాను. జమలయ్యగారు సరిగ్గా వచ్చారు. కాస్త సన్నబడినట్టు కనిపించారు. "నా పేరేంటి పున్నారావ్?" అని అడిగారు. చెప్పాను.

ఆ వారం మూడో గదికి గ్యాసు పట్టించారు. ఆ పొద్దున్నే తలుపులు తెరిచి, సింగయ్య దీపం వెలిగించి గుమ్మం దగ్గర పెట్టాడు. మంట నీలంగా ఉంది. స్టేషన్లో వ్యాగను కాచుకుని ఉంది. మల్లికార్జునరావుగారు తొందరపెట్టారు. ఆడవాళ్లు లోపలికి వెళ్లి నేల మీద గొంతుక్కూర్చుని ఊడవడం మొదలుపెట్టి రెండు గంటలైంది.

జమలయ్యగారు ఆఫీసు గది వైపు నడుస్తుంటే పేరంటాలు మంచినీళ్లకని బయటికి వచ్చింది. తూలుకుంటూ వచ్చి కుండ దగ్గర నిలబడింది. ఇవాళ ఆఖరిసారి కదా అని కాబోలు, ఆయన ఆగారు.

"మీ ఆయన పేరేంటమ్మా?"

"పోలయ్య" అంది పేరంటాలు.

కొంగు లేదు, గోడ లేదు, నవ్వు లేదు. అణా పప్పు కావాలని అడిగినంత తేలిగ్గా చెప్పింది. పైగా, "పోలయ్య. ఒట్టి సోమరిపోతు. పోలయ్య" అని ఇంకోసారి కూడా చెప్పింది.

గుమ్మంలో ఉన్న ఆడవాళ్లు ఒక్క పెట్టున గొల్లుమన్నారు. "ఓలమ్మో, పేరంటాలు మొగుడి పేరు చెప్పేసింది!" అని శేషమ్మ బుగ్గలు నొక్కుకుంది. హమాలీలు ఈలలు వేశారు. నేనూ నవ్వాను.

జమలయ్యగారు నవ్వలేదు. చేతిలోని సంచీ కింద పడేశారు. ఆయన గొంతు పెద్దగా లేవడం నేనెప్పుడూ వినలేదు.

"బయటికి! అందరూ బయటికి రండమ్మా! చీపుర్లు అక్కడే వదిలేయండి! శేషమ్మా, లెక్కపెట్టు, పదకొండు మందీ రావాలి!"

ఆ కేకకు మల్లికార్జునరావుగారు గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. "ఏంటిది? ఎవరు ఆపమన్నారు?"

"నేనేనండి."

"ఎందుకు?"

"పేరంటాలు వాళ్లాయన పేరు చెప్పిందండి."

మల్లికార్జునరావుగారు మీసం సవరించుకున్నారు. "ఒక ఆడమనిషి మొగుడి పేరు చెబితే నువ్వు వ్యాగను ఆపుతావా?"

"అవునండి."

"నీకు పిచ్చి ముదిరింది. దీపం నీలంగానే ఉందిగా!"

"దీపాన్ని కూడా అడుగుదామండి" అన్నారు జమలయ్యగారు. వేపచెట్టు కింద ఆరుబయట దీపం పెట్టి, జేబులోంచి సీసా తీసి, మూత విప్పి గొట్టం కొస దగ్గర పట్టారు.

అందరం మంట వైపు చూస్తున్నాం. మంట నీలంగానే ఉంది. సీసా ఇంకా దగ్గరగా పెట్టారు. నీలమే. ఆకాశం అంత నిశ్చింతగా, ఏమీ ఎరగనట్టు మండుతోంది.

జమలయ్యగారు గొట్టం ఊడదీసి నేలకేసి తట్టారు. ఎండిన మట్టి ముద్ద ఒకటి రాలిపడింది. కందిరీగ కట్టిన గూడు. వారం రోజులు మూల పెట్టిన గొట్టంలో అది ఇల్లు కట్టుకుంది. దీపం లోపలి గాలిని పీల్చనే లేదు. పొద్దున్నుంచీ అది వేపచెట్టు గాలే తాగి మాకు నీలం చూపిస్తోంది.

గొట్టం బిగించి మళ్లీ సీసా పెడితే మంట పచ్చబడింది. అప్పుడు ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, చెయ్యి చాచి, మూడో గది గుమ్మం దగ్గర గొట్టం కొసను నేలకు ఆనించారు.

మంట భగ్గున పచ్చబడింది. ఆ పచ్చ మల్లికార్జునరావుగారి ఇస్త్రీ చొక్కా మీద పడింది. ఆయన రెండడుగులు వెనక్కు వేశారు. కాసేపటికి, "రిక్షా పిలవండి" అన్నారు, ఎవరితోనో తెలియకుండా.

పేరంటాలునూ, తల తిరుగుతోందన్న ఇంకో ముగ్గురినీ డాక్టరు దగ్గరికి పంపాం. ముగ్గురు సాయంత్రానికి తేరుకున్నారు. గుమ్మానికి దూరంగా, చివరి మూల ఊడ్చిన పేరంటాలుకే ఎక్కువ తగిలింది. ఇంకో గంట లోపలే ఉంటే చెప్పలేమన్నాడు డాక్టరు.

సాయంత్రం మల్లికార్జునరావుగారు జమలయ్యగారిని గదిలో కూర్చోబెట్టి, తన టీ ఆయన ముందుకు జరిపారు. "నీకెలా తెలిసింది?" అన్నారు.

"గ్యాసు తలకెక్కితే మనిషి తాగినట్టవుతాడండి. మాట తడబడుతుంది, సిగ్గూ బిడియం పోతాయి. మగాళ్లయితే నా పేరు తప్పు చెబుతారు. ఆడాళ్లయితే..." ఆయన ఆగి టీ తాగారు. "ఆడాళ్లయితే వాళ్లాయన పేరు కరెక్టుగా చెబుతారండి."

అని సంచీలోంచి ఒక నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. అది ఎనిమిదేళ్ల పుస్తకం. ఎడమ పక్క దీపాల సంగతి. కుడి పక్క మనుషుల సంగతి. మల్లికార్జునరావుగారు పేజీ తిప్పుతుంటే నేను భుజం మీంచి చదివాను.

'పేరంటాలు: పోలేరమ్మ దాకా వచ్చి ఆగింది. శేషమ్మ: చీపురు తిరగేసింది. క్షేమం. సింగయ్య: పేరు చెప్పాడు, బీడీ అడిగాడు. పున్నారావు: విసుక్కున్నాడు. క్షేమం.'

నాలుగేళ్లుగా ప్రతి గురువారం నేను క్షేమంగా ఉన్నానని ఒక మనిషి రాసి పెట్టుకుంటున్నాడు. నాకు తెలియదు. మా అమ్మకు కూడా అంత కచ్చితంగా తెలియదు. ఆ పుస్తకంలో ప్రతి పేజీ పైనా, తేదీ పక్కన ఒకే మాట ఉంది: 'దుర్గ: చెప్పలేదు.' పొద్దున్నే గుమ్మంలో ఆయన పెట్టుకునే సున్నా అదన్నమాట.

మల్లికార్జునరావుగారు పుస్తకం మూసి, సొరుగు లాగి, నేను రాసిన ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేశారు. తర్వాత బంగారు రంగు పెన్ను మూత పెడుతూ, "మీ పేరు జమలయ్యగారు" అన్నారు, అడగకుండానే.

పేరంటాలు నలభై రోజులకు పనిలోకి వచ్చింది. ఈలోగా పోలయ్య రేపల్లె బజారంతా తిరిగి, "మా ఆవిడ నా పేరు పెట్టి పిలిచిందంట, రెండుసార్లు పిలిచిందంట" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. సోమరిపోతు అన్న మాట మాత్రం అతని దాకా రానివ్వకుండా శేషమ్మ కట్టడి చేసింది.

ఆ గురువారం జమలయ్యగారు వచ్చేసరికి పదకొండు మందీ చేటలు పక్కన పెట్టి, గుమ్మం దగ్గర బారుగా నిలబడి ఉన్నారు. హమాలీలు బస్తాలు దించారు. మల్లికార్జునరావుగారు కూడా గదిలోంచి వచ్చి నిలబడ్డారు. జమలయ్యగారు నేరుగా పేరంటాలు ముందుకు వెళ్లి గొంతు సవరించుకున్నారు.

"మీ ఆయన పేరేంటమ్మా?"

పేరంటాలు నోరు తెరిచింది.

"పో..." అంది.

జమలయ్యగారు కళ్లు మూసుకున్నారు.

"పో బాబాయ్! ఇంతమందిలో అడుగుతావేంటి!" అని కొంగు నోట్లో కుక్కుకుని, గిరుక్కున గోడ వైపు తిరిగి, భుజాలు ఊగేలా నవ్వింది. కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

శేషమ్మ ఈల వేసింది. జమలయ్యగారు అక్కడే బస్తా మీద కూలబడి, పుస్తకం తీసి, పెన్సిలు కొస నాలుకకు తడి చేసుకుని, నెమ్మదిగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

'పేరంటాలు: చెప్పలేదు.'